పేపర్ల సంచి కారెక్కకూడదు

మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూశాక అమెరికాలో టీచర్లుగా చేస్తున్న మనవాళ్ళు ఇంతమంది ఉన్నారా అనిపించింది. దాదాపు అందరిదీ మార్చి నెల బాధే, స్కూల్ ఏడాదిలో మూడో క్వార్టర్ ముగింపూ స్ప్రింగ్ బ్రేక్ సెలవులూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడటం. నేను 22 ఏళ్ళు అరిజోనాలోనే మిడిల్ స్కూల్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యా కాబట్టి ఈ నెల చోటంతా వాళ్ళకే ఇచ్చేశా. మొదటి ఉత్తరం కొంచెం పెద్దది, కానీ ఎక్కడా కత్తిరించబుద్ధి కాలేదు.

ప్రశ్న: అక్కా నమస్తే. నేను ఎక్స్‌ఛేంజ్ టీచర్లకిచ్చే జె-1 వీసా మీద వచ్చి అరిజోనాలో ఒక మిడిల్ స్కూల్లో సెవెంత్ గ్రేడ్ మేథ్స్ చెప్తున్నా, ఇది రెండో ఏడాది. ఇండియాలో పదకొండేళ్ళు హైస్కూల్లో చెప్పి వచ్చినదాన్నే, పని కొత్తేం కాదు, కానీ ఈ క్వార్టర్ చివరి వారం అంటే మాత్రం నాకు భయం వేస్తోంది. నాకు ఐదు పీరియడ్లు, మొత్తం 142 మంది పిల్లలు. గురువారం యూనిట్ టెస్ట్ పెట్టుకున్నా, 20 ప్రశ్నలు, అన్నీ స్టెప్స్ చూపించాల్సినవే. మంగళవారం, గురువారం సాయంత్రాలు పేరెంట్ కాన్ఫరెన్సులు. గురువారం పొద్దున ఒక పిల్లవాడి ఐఈపీ, అంటే ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లలకి రాసే ప్లాన్, దాని మీటింగ్, దానికి నా ఫారం ఇంకా నింపలేదు. టేబుల్ మీద లేట్ వర్క్ 63 కాయితాలు, రోజూ ఇంకో పది వచ్చి చేరుతున్నాయి, క్వార్టర్ అంతా కనపడని పిల్లలు కూడా ఇప్పుడు వచ్చి మిస్ ఇది తీసుకోండి మిస్ అంటారు. బ్రేక్ అయ్యాక వచ్చే మంగళవారం సాయంత్రం 4 గంటలకి గ్రేడ్‌బుక్ లాక్ చేస్తారు, అందుకే బ్రేక్‌లో దిద్దుకోవచ్చులే అనుకున్నా.

అసలు విషయం ఇది కాదక్కా. మావారు గ్రాండ్ కేన్యన్ దగ్గర హోటల్ బుక్ చేశారు, శనివారం బయల్దేరి బుధవారం వచ్చేలా. మావాడు ఫోర్త్ గ్రేడ్, లైబ్రరీ నుంచి ఆ కేన్యన్ పుస్తకమే మూడుసార్లు తెచ్చుకున్నాడు, ఫ్రిజ్ మీద కాలెండర్లో రోజుకో గీత కొడుతున్నాడు. పోయిన ఏడాది బ్రేక్ వారమంతా నేను డైనింగ్ టేబుల్ దగ్గరే కూచుని దిద్దుతుంటే ఒక్క మాట అనలేదు, ఈసారి మాత్రం "అమ్మా, నీ సంచి కూడా వస్తుందా" అని అడిగాడు. సంచి తీసుకెళ్ళి వాళ్ళు పడుకున్నాక రాత్రిళ్ళు దిద్దుకుంటా అంటే మావారు ఒప్పుకోవట్లేదు. తీసుకెళ్ళకపోతే నాకు అక్కడ మనసు నిలవదు. పిల్లలతో పేపర్లు మార్చుకుని దిద్దిస్తే ఒక రాత్రిలో ఐపోతుంది, మనం చిన్నప్పుడు చేసినట్టు, కానీ ఇక్కడ అది తప్పేమో అని భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, సంచి తీసుకెళ్ళకు. మీవారు ఒప్పుకోవట్లేదని కాదు, నేను తీసుకెళ్ళి చూశా కాబట్టి చెప్తున్నా. ఒక స్ప్రింగ్ బ్రేక్‌లో మేం నలుగురం ఒకే హోటల్ గదిలో ఉన్నాం, పిల్లలు పడుకున్నారు, లైట్ వేస్తే లేస్తారని నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని టబ్ అంచు మీద కూచుని దిద్దా, ఒంటిగంట దాటేదాకా. తెల్లారి పిల్లలతో నడుస్తున్నా గానీ కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి. ఆ రాత్రి దిద్దిన కట్టలో ఒక పిల్లవాడు జవాబు 3/4 అని రాస్తే నా కీలో 0.75 ఉందని చూసుకోకుండా తప్పు కొట్టేశా. వాడు వచ్చి అడగలేదు. ఏడాది చివర్లో ఫోల్డర్లు ఇంటికి పంపుతున్నప్పుడు ఆ పేపర్ నా చేతికొచ్చింది, 3/4 ని చక్కగా ఒక గీత కొట్టేసి దాని పక్కన 0.75 అని రాసుకుని, కింద చిన్న అక్షరాలతో సారీ అని పెట్టుకున్నాడు. వాడి జవాబు కరెక్టే. వాణ్ణి పిలిచి చెప్పి, మార్కు సరిచేసి, ఒరిజినల్ వాడికిచ్చి ఒక కాపీ నేను పెట్టుకున్నా, అది ఇప్పటికీ నా దగ్గరుంది. అలిసిపోయి దిద్దిన పేపర్ వల్ల పిల్లకి ఏం ఒరగదు, ఒక్కోసారి నష్టమే, అందుకే రాత్రి దిద్దుడు వద్దంటున్నా.

ఐతే సంచి ఇంట్లో వదిలెయ్యాలంటే అందులో పని ముందే తగ్గాలి కదా, అది ఈ వారంలోనే జరగాలి. ఫస్ట్ ఆ గురువారం టెస్టుని మంగళవారానికి జరిపెయ్. రెండోది, 20 ప్రశ్నలెందుకమ్మా? లెక్క వేసి చూడు, 20 ప్రశ్నలు స్టెప్స్‌తో ఉన్న పేపర్‌కి తక్కువలో తక్కువ 5 నిమిషాలు, 142 పేపర్లకి 710 నిమిషాలు, అంటే దాదాపు 12 గంటలు. నీ యూనిట్ నిష్పత్తులూ అనుపాతమే కదా, ఈ సీజన్లో సెవెంత్ గ్రేడ్‌లో అందరం అదే చెప్తాం. అందులో నువ్వు తెలుసుకోవాల్సింది నాలుగే విషయాలు, యూనిట్ రేట్ కట్టగలరా, టేబుల్ చూసి ఇది అనుపాతంలో ఉందా లేదా చెప్పగలరా, గ్రాఫ్ మీద ఒక పాయింట్ చూపిస్తే దానర్థం మాటల్లో చెప్పగలరా, పర్సెంట్ లెక్క కథలో ఇస్తే చెయ్యగలరా. ఒక్కోదానికి రెండేసి, మొత్తం 8 ప్రశ్నలు. పేపర్‌కి 2 నిమిషాలు, 284 నిమిషాలు. నీ ప్రెప్ పీరియడ్, అదే క్లాసు లేని ఖాళీ పీరియడ్, 50 నిమిషాలనుకుంటే బుధ, గురు, శుక్రవారాలు కలిపి 150 పోగా మిగిలేది 134 నిమిషాలు, అంటే శుక్రవారం బస్సులన్నీ వెళ్ళిపోయాక క్లాస్‌రూమ్‌లో తలుపేసుకుని కూచుంటే రెండుంపావు గంటల్లో అయిపోతుంది. గురువారం పొద్దున ప్రెప్ ఆ మీటింగ్‌కి పోతే శుక్రవారం ఇంకో గంట పడుతుంది, అంతే.

దిద్దేటప్పుడు ఒక్కో పేపర్ మొదటి నుంచి చివరిదాకా దిద్దకు. మొదటి ప్రశ్న 142 మందిదీ దిద్దెయ్, తర్వాత రెండోది. కట్ట తిప్పడానికి టైం పడుతుంది కదా అనుకుంటారు, పట్టదు, ఎందుకంటే ముప్ఫై పేపర్లు దాటేసరికి ఆ ఒక్క ప్రశ్నలో పిల్లలు చేసే నాలుగైదు తప్పులు కంటికి అలవాటైపోతాయి, చెయ్యి దానంతటదే పోతుంది. పైగా అందరికీ ఒకే కొలత పడుతుంది, మొదటి పిల్లకి ఉదారంగా, నూరో పిల్లకి విసుగ్గా వెయ్యవు. ఇంకో లాభం, ఏ తప్పు ఎంతమంది చేశారో పక్కన ఒక చీటీ మీద గీతలు పెట్టుకుంటే బ్రేక్ తర్వాత సోమవారం పాఠం ఏం చెప్పాలో ఆ చీటీయే చెప్తుంది. ఏఏఎస్ఏ, అదే రాష్ట్ర పరీక్ష, ఎలాగూ బ్రేక్ తర్వాత కొన్ని వారాల్లోనే ఉంటుంది కదా, అప్పుడు ఆ చీటీ నీకు చాలా పనికొస్తుంది.

పేపర్లు మార్చుకుని దిద్దించడం గురించి అడిగావు. మంచి ప్రశ్న, మన దగ్గర నుంచి వచ్చిన టీచర్లందరికీ వచ్చే డౌటే. ఇది ఇక్కడ ఏకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఓక్లహోమాలో ఒక తల్లి పిల్లలు ఒకళ్ళ పేపర్ ఒకళ్ళు దిద్దుకుని మార్కులు పైకి చదవడం విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టానికి, అంటే ఫెర్పాకి వ్యతిరేకం అని కేసు వేసింది, 2002లో, ఇది ఆ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు అని కోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా తేల్చారు. కాబట్టి ఆ చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ మీ స్కూల్ రూల్ ఏమిటో నీ డిపార్ట్‌మెంట్ లీడ్‌ని అడుగు, అది వేరే సంగతి. నా మట్టుకు నేను యూనిట్ టెస్ట్‌కి ఎప్పుడూ చేయించలేదు. 12 ఏళ్ళ వయసులో పక్క బెంచీ వాడికి తన మార్కు తెలియడం పిల్లకి ఎంత బరువో మన చిన్నతనంలో మనం కూడా చూసిందే, అప్పుడు ఎవరూ అడగలేదంతే. ప్రాక్టీస్ షీట్లకైతే ఎవరిది వాళ్ళే వేరే రంగు పెన్నుతో దిద్దుకోమను, కీ బోర్డు మీద పెట్టు. ఆ షీటు నువ్వు తీసుకోనక్కర్లేదు కూడా, ఒకసారి వరసల మధ్య నడిచి చూస్తే చాలు. ఈ వారం మంగళవారం తర్వాత పిల్లలకి గ్రేడ్ కోసం కొత్త పని ఒక్కటి కూడా ఇవ్వకు.

లేట్ వర్క్‌కి సోమవారం పొద్దున బోర్డు మీద రాసెయ్, బుధవారం ఆఖరి బెల్ దాకానే అని, పేరెంట్స్‌కి కూడా అదే రోజు ఒక మెసేజ్ పంపు, తర్వాత ఎవరూ మాకు చెప్పలేదనకుండా. మీ స్కూల్ లేట్ పాలసీ ఇంకా ఎక్కువ టైం ఇస్తే దానికి లోబడే ఉండాలి అనుకో. ఆ 63 కాయితాలూ ఇవాళే రెండు కుప్పలు చెయ్. ఏ పిల్లకి ఆ కాయితం వల్ల గ్రేడ్ మారుతుందో, డీ నుంచి సీకి, ఎఫ్ నుంచి డీకి, అవి ఒక కుప్ప, ముందు అవి శ్రద్ధగా చూడు. 91 ఉన్న పిల్లకి ఆ హోంవర్క్ పడితే 91.4 అవుతుంది, దానికి చేసిందా లేదా అని చూసి పాయింట్ వేసెయ్, కళ్ళు పాడుచేసుకోకు. క్వార్టర్ అంతా కనపడక ఇప్పుడొచ్చి మిస్ అంటున్న పిల్లలు ఉన్నారన్నావు చూడు, వాళ్ళ మీద విసుక్కోకు చెల్లీ. ఆ కాయితం తేవడానికి ఇంట్లో ఎవరో ఒకరు కూచోబెట్టి ఉంటారు, లేదా వాడే భయపడి ఉంటాడు. మార్కు తక్కువే రావచ్చు గానీ తీసుకునేటప్పుడు తల ఎత్తి వాడి మొహం చూసి తీసుకో.

ఐఈపీ ఫారం మాత్రం తొందరగా గీకి ఇచ్చెయ్యొద్దు, ఈ వారం మొత్తంలో నేను తగ్గించుకోమనని పని అదొక్కటే. స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం ప్రకారం ఆ టీంలో రెగ్యులర్ క్లాస్ టీచర్ ఉండాలి, ఎందుకంటే ఆ పిల్లవాడు మిగతా ముప్ఫై మంది మధ్యలో ఎలా ఉంటున్నాడో రోజూ చూసేది నువ్వే. నాలుగు వాక్యాలు చాలు, కానీ చూసి రాసినవై ఉండాలి. రెండు స్టెప్పుల లెక్క తనంతట చేస్తున్నాడు, మూడో స్టెప్ దగ్గర ఆగిపోతున్నాడు, ప్రశ్న పైకి చదివి వినిపిస్తే ముందుకెళ్తున్నాడు, ఎక్స్‌ట్రా టైం ఇచ్చినప్పుడు వాడుకుంటున్నాడా లేదా, ఇలా. మంచి పిల్లవాడు, కష్టపడతాడు అని రాస్తే తల్లికి సంతోషమే గానీ వాడికి దానివల్ల ఏ సాయమూ రాదు.

కాన్ఫరెన్సులకి ప్రత్యేకంగా ఏం తయారవకు, గ్రేడ్‌బుక్ తెరిచి పెట్టుకో, ఆ పిల్ల పేపర్ ఒకటి చేతిలో ఉంచుకో. ఎక్స్‌ట్రా క్రెడిట్ అడిగితే లేట్ వర్క్‌కి బుధవారం దాకానే టైమండీ అని చెప్పు, అంతే.

ఇంక శుక్రవారం. గదిలో కుర్చీలు బల్లల మీదకెక్కించి, దిద్దిన కట్టలు బీరువాలో పెట్టి తాళం వేసి, ఖాళీ చేతుల్తో కారు దగ్గరికి నడువు. ఏమైనా మిగిలితే మిగలనీ, తిరిగొచ్చాక శుక్రవారమో శనివారమో ఒక పూట ఉంది, లాక్ మంగళవారమన్నావు కాబట్టి సోమవారం ప్రెప్ కూడా ఉంది. నీ మనసు నిలవదన్నావు కదా, ఎంత మిగిలిందో ఒక కాయితం మీద అంకె రాసి బీరువా తలుపుకి అంటించి రా. నాకు ఆ అంకె చాలా పనిచేసింది, తెలియని బరువే మనిషిని తినేస్తుంది, 38 పేపర్లు అని తెలిస్తే అది 38 పేపర్లే.

కేన్యన్ గురించి నువ్వు అడగలేదు గానీ మీవాడి కాలెండర్ గీతల గురించి చదివాక చెప్పకుండా ఉండలేను. మొట్టమొదట, వాడు ఫోర్త్ గ్రేడ్ కదా, ఇక్కడ ఫోర్త్ గ్రేడ్ పిల్లలకి ఎవ్రీ కిడ్ ఔట్‌డోర్స్ అని ఒక ఫ్రీ పాస్ ఉంది, సెప్టెంబర్ నుంచి తర్వాతి ఆగస్ట్ దాకా నడుస్తుంది, మీ కారులో వాడితో వచ్చే కుటుంబం అందరికీ జాతీయ పార్కుల ప్రవేశం ఉచితం. దాని వెబ్‌సైట్‌లో వాడి చేతే చేయించి వోచర్ కాయితం మీద ప్రింట్ తీసుకోండి. గేట్ దగ్గర వాడే అద్దం దించి తన పాస్ ఇచ్చేలా చూడు, మీ అందరినీ లోపలికి తీసుకెళ్ళింది తనే అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటాడు.

మీరు ఫీనిక్స్ వైపు వాళ్ళైతే మార్చిలో ఇక్కడ హాఫ్ చేతుల చొక్కాలు వేసుకుని తిరుగుతాం కదా, సౌత్ రిమ్, అంటే కేన్యన్ దక్షిణపు అంచు, అలా ఉండదు, అది 7,000 అడుగుల ఎత్తు. మార్చిలో పగలు 50 ఫారెన్‌హీట్ దగ్గర, రాత్రి గడ్డకట్టే చలి, మంచు కూడా పడొచ్చు. జాకెట్లు, గ్లోవ్స్ పెట్టుకోండి. నార్త్ రిమ్‌కి శీతాకాలమంతా రోడ్డు మూసి ఉంటుంది, మే దాకా తియ్యరు, కాబట్టి ఎవరైనా అటు కూడా చూడండి అంటే వినకండి. బయల్దేరడం శనివారం పొద్దున్నే పెట్టుకోవడం మీవారు చేసిన మంచి పని, ఐ-17 మీద శుక్రవారం సాయంత్రం ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్ళే జనం మధ్య ఇరుక్కుంటే మీ అందరి ఓపికా అక్కడే అయిపోతుంది. పార్క్ సౌత్ గేట్ దగ్గర బ్రేక్ రోజుల్లో పెద్ద క్యూ ఉంటుంది, 9 లోపు గేట్ దాటేస్తే బతికిపోతారు. మార్చి 1 నుంచి హెర్మిట్ రోడ్ మీదకి సొంత కార్లు పోనివ్వరు, ఫ్రీ షటిల్ బస్సు ఎక్కాలి, దిగి నడిచి మళ్ళీ ఎక్కొచ్చు, హాయిగా ఉంటుంది. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మీద కొంచెం కిందికి దిగాలనిపిస్తే దిగండి, కానీ ఆ పైభాగం నీడలో ఉంటుంది, మార్చిలో ఐస్ ఉంటుంది, షూకి తగిలించుకునే మేకుల పట్టీలు కావాలి. దిగినంత సేపే పడుతుంది ఎక్కడానికి అనుకోకండి, దిగడానికి అరగంటైతే ఎక్కడానికి గంట, పిల్లవాడితో అయితే ఇంకా ఎక్కువ. ఒక్క రోజులో నది దాకా దిగి మళ్ళీ పైకి రావాలని చూడొద్దని పార్క్ వాళ్ళే ట్రెయిల్ మొదట్లో పెద్ద బోర్డు పెట్టారు.

మీ ఇద్దరికీ ఒక చోటు చెప్తా. యవాపై జియాలజీ మ్యూజియం నుంచి గ్రాండ్ కేన్యన్ విలేజ్ వైపు అంచు వెంట నడిచే దారిలో ట్రెయిల్ ఆఫ్ టైమ్ అని ఉంది, నేలలో ఇత్తడి గుర్తులు పాతి ఉంటాయి, ఒక్కో మీటర్ పది లక్షల ఏళ్ళు. ఒక పెద్ద అడుగు వేస్తే పది లక్షల ఏళ్ళు వెనక్కి పోయినట్టు. కేన్యన్ పైన కనపడే తెల్లటి కైబాబ్ సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్ల ఏళ్ళు, అంటే 270 అడుగులు దాటి వెనక్కి వెళ్తే ఆ రాయి ఇంకా పుట్టనే లేదు. అట్టడుగున ఉన్న అతి పాత రాయి 184 కోట్ల ఏళ్ళది, దాని దగ్గరికి 1,840 అడుగులు. దారి పొడవునా ఆ రాళ్ళ ముక్కలు కూడా పెట్టారు, ముట్టుకోవచ్చు. మా చిన్నది అప్పుడు తొమ్మిదేళ్ళది, గట్టిగా లెక్కపెడుతూ నడిచింది, 600 దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చింది, నేను వద్దనలేదు. నువ్వు రోజూ క్లాసులో చెప్పే అనుపాతం నీ కాళ్ళ కింద పరిచి ఉంటుంది చెల్లీ, కానీ దయచేసి అక్కడ వర్క్‌షీట్ ఐడియాలు రాసుకోకు, వాడు లెక్కపెడుతుంటే వెనక నడువు చాలు. జూనియర్ రేంజర్ బుక్ కూడా విజిటర్ సెంటర్లో అడగండి, ఫ్రీగా ఇస్తారు, నింపి తెస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జ్ పెడతారు.

ఇంకో చిన్న మాట, అరిజోనాలో గడియారం మార్చం గానీ నవాహో నేషన్‌లో, అంటే నవాహో ఆదివాసుల సొంత పాలన ఉన్న ప్రాంతంలో, మారుస్తారు, మార్చి రెండో ఆదివారం తర్వాత వాళ్ళు గంట ముందుంటారు. మీరు కేన్యన్ నుంచి ఆ నవాహో ప్రాంతంలోనే ఉన్న మాన్యుమెంట్ వ్యాలీ కూడా కలుపుకుంటే టైములు రెండుసార్లు చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి సిక్స్త్ గ్రేడ్. మొన్నటిదాకా ఏ గ్రేడ్ ఉంది, ఈ క్వార్టర్ చివర్లో సైన్స్‌లో బీకి పడిపోయింది. బ్రేక్ ముందు శుక్రవారమే టీచర్‌కి మెయిల్ పెట్టి ఏదైనా చేయించుకోవాలా? మావారు వెంటనే పెట్టమంటున్నారు.

జవాబు: శుక్రవారం వద్దమ్మా. పై ఉత్తరం చదివారు కదా, ఆ రోజు ఆ టీచర్ బల్ల మీద ఏముంటుందో మీకే తెలుస్తుంది. నిజంగా మార్కు ఎక్కించడంలో పొరపాటు ఉంటే, ఇచ్చిన అసైన్‌మెంట్ మిస్సింగ్ అని చూపిస్తుంటే, అది వెంటనే రెండు లైన్లలో పంపండి, ఆ కాయితం ఫొటోతో సహా, టీచర్లు అలాంటివి సంతోషంగా సరిచేస్తారు. గ్రేడ్ పెంచమని అడిగేదైతే ఆగండి. బ్రేక్ తర్వాత బుధవారమో గురువారమో రాయండి, ఏ చోట అర్థం కావట్లేదో చెప్తారా, ఇంట్లో ఏం చదివించమంటారు అని అడగండి. నాకు వచ్చిన మెయిల్స్‌లో ఇలా అడిగినవాటికి నేను పేజీలు రాసి జవాబిచ్చిన రోజులున్నాయి. మీ అమ్మాయిని కూడా ఒకసారి పక్కన కూచోబెట్టుకుని అడగండి, ఏం జరిగిందని. ఆరో గ్రేడ్‌లో చాలామందికి పాఠం కష్టమై కాదు, ల్యాబ్ గ్రూపులో స్నేహితురాలితో గొడవై గ్రేడ్ పడుతుంది, అది గ్రేడ్‌బుక్‌లో కనపడదు.

ప్రశ్న: నమస్తే అక్కా, నేనూ జె-1 టీచర్‌నే, నా భార్యా కూతురూ నా మీద ఆధారపడిన వాళ్ళకిచ్చే జె-2 వీసా మీద ఉన్నారు. స్కూల్లో కొలీగ్స్ కొంతమంది స్ప్రింగ్ బ్రేక్‌కి మెక్సికోలో సముద్రం దగ్గర రాకీ పాయింట్‌కి కార్లలో వెళ్తున్నారు, మమ్మల్ని కూడా రమ్మన్నారు, నాలుగు గంటల దూరమే కదా అంటున్నారు. మేం వెళ్ళొచ్చా?

జవాబు: తమ్ముడూ, దూరం నాలుగు గంటలే గానీ మధ్యలో అంతర్జాతీయ సరిహద్దు ఉంది, నీ కొలీగ్స్‌కి అమెరికా పాస్‌పోర్ట్, నీకు లేదు. ముందు మీ జె-1 ప్రోగ్రాం ఫారం, అదే డీఎస్-2019, తీసి కింద ట్రావెల్ వ్యాలిడేషన్ సంతకం ఉందో చూడు. అది నీ స్పాన్సర్, అంటే నీ జె-1 ప్రోగ్రాం నడిపే సంస్థ, దగ్గర ఉండే బాధ్యత గల ఆఫీసర్ పెట్టాలి, స్కూల్ ప్రిన్సిపాల్ కాదు. భార్యకీ పాపకీ విడివిడిగా ఫారాలుంటాయి, వాటి మీద కూడా కావాలి. సంతకం లేకపోతే ఇవాళే స్పాన్సర్‌కి మెయిల్ పెట్టు, బ్రేక్ ముందు అందరూ అడుగుతారు, ఆలస్యం అవుతుంది. తర్వాత ముగ్గురి పాస్‌పోర్ట్‌ల్లో వీసా స్టాంప్ డేట్ చూడు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అడగరు. స్టాంప్ డేట్ ఐపోయి ఉంటే 30 రోజుల లోపు వెళ్ళొచ్చేవాళ్ళకి రూల్‌లో ఒక వెసులుబాటు ఉంది గానీ, పాపని తీసుకుని నాలుగు రోజుల సముద్రం కోసం నేనైతే ఆ రిస్క్ తీసుకోను, స్పాన్సర్‌తో మాట్లాడకుండా అసలు తీసుకోను. ఇంకోటి, మన కార్ ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు, అక్కడి పాలసీ వేరే కొనాలి, సరిహద్దు దాటకముందే. ఇవన్నీ కుదరకపోతే దిగులు పడకండి, అమెరికా లోపల ఎక్కడికి వెళ్ళినా ట్రావెల్ సంతకం అక్కర్లేదు. పాస్‌పోర్ట్, దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింట్, డీఎస్-2019 మాత్రం వెంట ఉంచుకోండి, అరిజోనా దక్షిణాన రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, నా భార్య ఎలిమెంటరీ టీచర్. ప్రతి బ్రేక్‌లోనూ ఇదే తంతు, మొదటి రెండు రోజులు జ్వరమో జలుబో, లేకపోతే పడుకునే ఉంటుంది. ట్రిప్ వేసుకుంటే హోటల్లో మంచం దిగదు, పిల్లలు డల్ అయిపోతారు, నాకు కోపం వస్తుంది, తర్వాత కోప్పడ్డందుకు బాధ. ఈసారి శుక్రవారం రాత్రి ఫ్లైట్‌కే బుక్ చేస్తే కొత్త ఊరు చూసి హుషారొస్తుందేమో అని అనుకుంటున్నా. కరెక్టేనా?

జవాబు: నాయనా, కోపం తర్వాత బాధ వచ్చిందని రాశావు చూడు, అందుకే నీకు వివరంగా చెప్పాలనిపించింది. శుక్రవారం రాత్రి ఫ్లైట్ వద్దు. ఆ వారం ఆవిడ పాతికమంది చిన్నపిల్లల మధ్య రోజుకి ఏడు గంటలు నిలబడి, రెండు సాయంత్రాలు తల్లిదండ్రులతో మాట్లాడి, రిపోర్ట్ కార్డు కామెంట్లు ఒక్కో పిల్ల గురించి వేరువేరుగా రాసి వస్తుంది. చిన్నపిల్లల క్లాసులో మార్చి అంటే సగం మంది ముక్కు కారుతూనే ఉంటుంది, వారమంతా ఒళ్ళు బిగబట్టుకుని లాక్కొచ్చిన మనిషికి ఆగగానే జలుబు బయటపడుతుంది. నాకు 22 ఏళ్ళలో బ్రేక్ మొదటి శనివారం గొంతు బాగున్నది బహుశా ఐదారుసార్లు. ఆవిడ కావాలని పడుకోవట్లేదు.

ఫ్లైట్ సోమవారం పొద్దునకి మార్చు. రెండు రోజులు పోయాయనుకోకు, ఆ రెండు రోజులూ ఎలాగూ పోతున్నాయి, హోటల్ డబ్బు కట్టి పోగొట్టుకునే బదులు ఇంట్లో పోనివ్వు. ఈ వారం ఆవిణ్ణి ట్రిప్ గురించి ఏదీ అడగకు, ఏ సూట్‌కేసు, ఏ టైం, పిల్లల స్వెటర్లు ఎక్కడ, ఏదీ. స్కూల్లో రోజంతా ఆవిడ చిన్న చిన్న నిర్ణయాలే తీసుకుంటుంది, ఎవరు బాత్రూమ్‌కి వెళ్ళొచ్చు, ఎవరి పెన్సిల్ ఎవరిది, ఇంటికొచ్చాక నీలం చొక్కా పెట్టనా ఎర్రది పెట్టనా అని అడిగితే మనిషికి ఏడుపొస్తుంది. నువ్వే సర్దెయ్, ఏదైనా మర్చిపోతే అక్కడ కొనుక్కోవచ్చు. పిల్లలకి కూడా ముందే చెప్పు, అమ్మ శని, ఆదివారాలు రెస్ట్ తీసుకుంటుంది, సోమవారం మనతో వస్తుంది అని. ఎదురుచూడకపోతే డల్ అవ్వరు. శుక్రవారం సాయంత్రం ఆవిడ కారు వాకిట్లోకి రాగానే బయటికెళ్ళి చేతిలో సంచులు అందుకో. శనివారం పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళిపో, ఇల్లు నిశ్శబ్దంగా ఉండనీ, తలుపు దగ్గరకి వేసి వెళ్ళు, ఆవిడంతట ఆవిడ లేచేదాకా లేపకు.